బ్రిడ్జి మీద డ్రాప్ అవుతున్న ప్యాకెట్లు

మంగళవారం, రాత్రి

సర్వర్‌లోని మెషీన్లను కలిపే వర్చువల్ బ్రిడ్జి దగ్గర డేటా ప్యాకెట్లు ఇవాళ కూడా గమ్యం చేరకుండా డ్రాప్ అయ్యాయి. ఇంటి నుంచే పనిచేస్తున్న నేను ఆ సంగతి చెబితే టీమ్ లీడ్ కిరణ్ ఫోన్లో నవ్వాడు. "మేడం, మీ మొఘల్‌పురా లైన్ గట్లనే ఉంటది. ఇంటి నెట్ ఖరాబున్నదని రాసి కంప్లైంట్ మూసెయ్యుండ్రి."

ఒక్క క్షణం నాకూ నిజమేనేమో అనిపించింది. అందుకే ఆ సర్వర్‌లోనే ఉన్న రెండు వర్చువల్ మెషీన్ల మధ్య పింగ్ పెట్టి, అంటే పరీక్ష ప్యాకెట్లు పంపి చూశాను. ఆ ప్యాకెట్లు సర్వర్ దాటి బయటికే రావు, ఇక మా ఇంటి లైన్‌తో పనేముంది? అయినా డ్రాప్ అయ్యాయి.

"ఇప్పుడేమంటవ్ కిరణ్?"

"రీస్టార్ట్ కొట్టుండ్రి మేడం, లొల్లి ఎందుకు?"

కొట్టలేదు. కొడితే సర్వర్‌లోని లోపం ఆనవాళ్లు పోతాయి, నెపం మా గల్లీ మీదే మిగులుతుంది. అసలు కారణం నాకింకా అంతుపట్టలేదు. రేపు మీటింగులో నన్ను నిలదీస్తే తడబడతానేమో. తడబడినా సరే, ఆ అబద్ధం కింద నా పేరు పెట్టను.