ద్రాక్ష ఆకుల మీద దుమ్ము

బావమరిదికి ఆశీస్సులు.

మా పెరటి ద్రాక్షకు బూడిద తెగులు వచ్చింది. ఆకుల మీద పిండి చల్లినట్టు ఉంటే మీ అమ్మగారు దుమ్మనుకుని, రోజూ ఒకే తడిగుడ్డతో ఆకు ఆకూ తుడుస్తున్నారు. ఒక తీగకున్న తెగులు పందిరంతా పాకింది. చెప్పబోతే, "దులపడానికి ఒళ్ళొంగక జబ్బంటావేమయ్యా!" అన్నారు.

ఆవిడను ఓ వారం మీ ఇంటికి పిలిపించుకో. నా పేరెత్తకు. "నీ చేతి వంట తినాలనుందమ్మా" అను. ఈలోగా తెగులు ఆకులు తుంచి కాల్చేసి, గాలాడేలా తీగలు పలచన చేసి, గంధకం మందు కొడతాను. ఆలస్యమైతే కాయలు పగిలి ఒక్క గుత్తీ దక్కదు.

తిరిగొచ్చాక కొత్త చిగుళ్లు పచ్చగా కనిపిస్తే, అంతా తన తుడుపు మహిమేనంటారు. నేను ఔనంటాను. నువ్వూ అను.

ఇట్లు,
మీ బావ