కాపీ అందినా అద్దం కోయకు

చిరంజీవి చిన్నోడికి,

అమ్మ ఆశీస్సులు. నేనూ మీ నాన్నా బాగానే ఉన్నాం, మా ఇద్దరి మధ్యా ఆ కాపీ గొడవ ఒక్కటి తప్పితే. నీ జలుబు తగ్గిందనుకుంటాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. వంటగది కుళాయి ఇంకా కారుతూనే ఉంది. ఊరందరి కుట్టుమిషన్లూ బాగుచేసే మనిషికి ఇంట్లో కుళాయి చూసే తీరిక దొరకడం లేదు. నా మోకాలు పర్వాలేదు. కొత్త చెప్పులు కొన్నాను, కరుస్తున్నాయి. ఇక, నా ఉత్తరం అందేదాకా అద్దం కోయొద్దని నిన్న ఫోన్‌లో అంటే, ఎందుకు ఎందుకని ప్రాణం తీశావు. పక్కన మీ నాన్న కూర్చుని ఉన్నారు కాబట్టి చెప్పలేదు. అదీ రాస్తాను, ముందు నా కడుపుమంట వెళ్లగక్కనీ.

అసలు ఇదంతా నీ వల్లే. కళ్లజోళ్ల తయారీలో చేరావు, సంతోషం. అమ్మకు నా చేత్తో అద్దాలు సానపట్టి పంపుతానన్నావు, ఇంకా సంతోషం. స్కూలువాళ్లు మా వ్యాను డ్రైవర్లందరికీ కంటిపరీక్ష చేయించారు కదా, ఆ చీటీ పంపమన్నావు. చీటీ జేబులో ఉండి ఉతుకులో నానిపోయిందని రాశాను. అక్కడితో ఊరుకోవచ్చుగా? డిజిటల్ కాపీ ఉంటుంది, అడిగితే ఇస్తారని మళ్లీ రాశావు. ఇస్తారన్న ముక్క ఎంత తేలిగ్గా వచ్చిందిరా నీ నోట.

పిల్లల్ని దింపేసి, వ్యాను షెడ్డులో పెట్టి కళ్లాసుపత్రికి వెళ్లాను. కౌంటరులో అమ్మాయి తల ఎత్తకుండానే, "కాపీ మా దగ్గర ఉండదు మేడమ్, యాప్‌లో ఉంటుంది" అంది. ఆ యాప్‌లో అక్షరాలు ఆవగింజల్లా ఉన్నాయి. కళ్లు సరిగా ఉన్నవాళ్లకే కనబడేలా కళ్లాసుపత్రి యాప్ చేసిన మహానుభావుడెవరో నాకు దొరకాలి. ఆ అమ్మాయి చేతే నొక్కిస్తే కోడ్ పంపామని చూపించింది. నా ఫోన్‌కు ఏమీ రాలేదు.

"మీ నంబరు లేదు మేడమ్. పరీక్ష చేయించింది స్కూలు కదా, స్కూలు నంబరుకు వెళుతుంది."

"కళ్లు నావమ్మా, స్కూలువి కావు."

"కరెక్టే మేడమ్. కానీ నంబరు వాళ్లది."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు. మర్నాడు మా వ్యాన్ల ఇన్‌చార్జిని పట్టుకున్నాను. ఆయన తాపీగా, "ఏదో కోడ్ వచ్చిందమ్మా, బ్యాంకు మోసమేమోనని తీసేశా" అన్నాడు. మళ్లీ ఆసుపత్రికి వెళ్లి నొక్కించాను. ఈసారి ఆయన భోజనానికి వెళ్లి ఫోన్ బల్ల మీద వదిలేశాడు. వచ్చి చదివేలోగా ఆ కోడ్‌కు కాలం చెల్లింది. తల ప్రాణం తోకకు వచ్చి ఇంటికొచ్చి పడ్డాను. ఇక నా వల్ల కాదు, నీకూ నీ కాపీకీ దండం అన్నాను.

మీ నాన్న సంగతి తెలుసుగా. దారం చిక్కుపడ్డ మిషను ముందు కూర్చున్నట్టు వెళ్లి ఆ ఇన్‌చార్జి పక్కన కూర్చున్నారట, కోడ్ వచ్చేదాకా కదల్లేదట. కాపీ సంపాదించి, నాతో ఒక్క మాటైనా అనకుండా తిన్నగా నీకు పంపేశారు. ఇంటికొచ్చి, "చూశావా, ఓపికుంటే ఏ పనైనా అవుతుంది" అని ఒక నవ్వు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

ఎందుకు మండిందో ఇప్పుడు చెబుతాను. ఆ కాపీ రాకూడదనే నేను కోరుకున్నాను, చిన్నోడా. కౌంటరు అమ్మాయి లేదన్నప్పుడల్లా పైకి అరిచాను గానీ, లోపల హమ్మయ్య అనుకున్నాను. చీటీ ఉతుకులో నానలేదు, నేనే చింపేశాను. అందులోని అంకెలు నా కళ్లవి కావు.

పరీక్షరోజు డ్రైవర్లమంతా గది బయట బల్ల మీద కూర్చున్నాం. మధ్యలో అడ్డం ఒక్క కర్టెన్. లోపలికి వెళ్లినవాడల్లా అవే అక్షరాలు గట్టిగా చదువుతున్నాడు. నా వంతు వచ్చేసరికి ఎక్కాల్లా వచ్చేశాయి. లోపల కూర్చుంటే పై రెండు వరుసలు కనబడ్డాయి, కింద అంతా మసక. కనబడటం లేదని చెబుదామనే నోరు తెరిచాను. మా పొడుగు డ్రైవరును చూపు తగ్గిందని వ్యాను దింపి గేటు దగ్గర కూర్చోబెట్టారే, అతను గుర్తొచ్చాడు. ఆడదానికి స్టీరింగేమిటన్న వాళ్లందరూ గుర్తొచ్చారు. గడగడా అప్పజెప్పేశాను. పరీక్ష చేసేతను అద్దాలు మార్చి తేడా ఉందా అంటే లేదన్నాను. దూరానికి పవర్ అక్కర్లేదు, దగ్గరికి మాత్రం కాస్త కావాలని రాసి, "ఈ వయసులో ఇంత చూపు చాలా అరుదు మేడమ్" అని మెచ్చుకున్నాడు కూడా.

నీ చేత్తో సానపట్టిన అద్దాలు నేను పెట్టుకుని ఏమీ కనబడక, బాగా కనబడుతున్నాయని నీకు మళ్లీ అబద్ధం రాయాలి. అది నా వల్ల కాదు. కానీ నిన్న నాచేత ఫోన్ చేయించింది అదొక్కటే కాదు.

నిన్న పొద్దున చినుకులు పడుతున్నాయి. బేకరీ మలుపు దగ్గర ఎవరూ లేరనుకుని ఆపకుండా పోనిచ్చాను. వెనకనుంచి ఆయా, "అక్కా, ఆపు, పిల్ల ఉంది" అని అరిచింది. బూడిదరంగు రెయిన్‌కోటులో రెండో తరగతి పిల్ల, వ్యాను పక్కనే పరుగెత్తుకుంటూ వస్తోంది. ఏమీ కాలేదు, కంగారుపడకు. బ్రేకు సమయానికి పడింది. మిగతా దారంతా నత్తలా నడిపి, స్కూలు చేరగానే తాళాలు ఇన్‌చార్జికి ఇచ్చేసి సెలవు పెట్టాను. సోమవారం ఇంకో ఆసుపత్రికి వెళుతున్నాను. అక్కడ అక్షరాలు నాకు తెలియవు. ఆ అంకెలు వచ్చాక నువ్వు అద్దాలు చెయ్యి. అద్దాలతో కూడా పని జరగదంటే, గేటు దగ్గరే కూర్చుంటాను.

నిన్న వ్యాను ఆపగానే ఆ పిల్ల ఎక్కి నా సీటు దగ్గర ఆగింది. తడిసిన మొహంతో, "నేను చెయ్యి ఊపాను ఆంటీ, నీకు కనబడలేదా?" అని అడిగింది.

"లేదమ్మా, కనబడలేదు" అన్నాను.

ఆ మాట మొదట తనకే చెప్పాను. ఇప్పుడు నీకు రాశాను. మీ నాన్న మిషను మూసి ఇటే వస్తున్నారు, ఆయనకు కూడా చెబుతాను.

ఇట్లు,
అద్దాల కోసం ఎదురుచూస్తున్న
మీ అమ్మ