నేను చేర్పించిన కాలేజీలు

శనివారం రాత్రి, మారేడ్‌పల్లి

మేనకోడలు మెర్సీకి ఇంజనీరింగ్ సీటు వచ్చింది. దేవునికి స్తోత్రం.

కౌన్సెలింగ్‌కు వెబ్ ఆప్షన్లు పెట్టిన రోజు తమ్ముడు జాన్ కూతురికి మూడే కాలేజీలు పెట్టించాడు. మూడూ పెద్దవే, దాని ర్యాంకుకు అందడం కష్టం. కింద ఇంకొన్ని పెట్టమంటే ఒప్పుకోలేదు.

"ఉపవాసముండి ప్రార్థన చేసినం అక్కా. ఇంకోటి పెడితే దేవుని మీద నమ్మకం లేనట్టే గద!"

"అన్నం కోసం దేవుణ్ణి అడుగుతం. పొయ్యి మీద బియ్యం సుత పెడ్తం గద రా," అన్నాను.

పెద్దక్కను కాబట్టి ఊరుకున్నాడు. ఆ మూడింటినీ పైనే ఉంచి, కింద దాని ర్యాంకుకు అందేవి కొన్ని, తప్పకుండా వచ్చేవి కొన్ని చేర్పించాను.

ఈరోజు చూస్తే పైవి మూడూ రాలేదు. నేను చేర్పించిన వాటిలో మొదటిదే వచ్చింది, అదీ మెర్సీ కోరుకున్న కంప్యూటర్ బ్రాంచిలో. పిల్ల నా మెడ పట్టుకుని వేలాడింది. జాన్ మాత్రం మెల్లగా, "మరి నా ప్రార్థన ఏమైనట్టు అక్కా?" అన్నాడు.

"దేవుడే నాతోని పెట్టించిండు గద రా."

నవ్వాడు. వాడి మనసు కుదుటపడిందో లేదో…

నాకైతే లోపల గర్వంగానే ఉంది. దాన్ని రేపు ప్రార్థనలో ఒప్పుకుంటాను. ఈ ఒక్క రాత్రికి ఉండనివ్వు, ప్రభువా.