కట్టనీకి

శనివారం, చిక్కడపల్లి

మా కాలేజీ ఇన్నోవేషన్ డే బ్రహ్మాండంగా జరిగిందని అందరూ నన్ను మెచ్చుకున్నారు. నాకు మాత్రం అన్నం సయించలేదు.

మా ఫైనలియర్ స్వరూప, అశోక్‌నగర్ హాస్టల్లో తనతో ఉండే అమ్మాయిల మాటలు రికార్డు చేసి, వాటితోనే నేర్పించి ఒక యాప్ తయారుచేసింది. ఉద్యోగ పరీక్షల గురించి నోటితో అడిగితే చాలు, జవాబు చెబుతుంది. పొద్దున నా ముందే ఫోన్ పట్టుకుని, "ఫీజు కట్టనీకి ఇంకెన్ని దినాలున్నయ్?" అని అడిగింది. యాప్ టక్కున చెప్పింది.

నేను ఊరుకోవచ్చు కదా! "స్టేజీ మీద ఇలా కాదమ్మా, జడ్జీలుంటారు. 'కట్టడానికి ఇంకా ఎన్ని రోజులున్నాయి' అని చక్కగా అడుగు" అన్నాను. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ నాన్నగారు చిన్నప్పుడు నా మాట ఇలాగే దిద్దేవారు. ఆ జబ్బు నాకూ అంటింది.

పాపం, స్టేజీ మీద నేను చెప్పినట్టే మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఫోన్, "సమజ్ కాలే అక్కా, మల్ల చెప్పు" అంది. హాలంతా నవ్వులు. 'నీ మాటల్లోనే అడుగు' అని నేను లేచి అరవాల్సింది. జడ్జీల పక్కన కూర్చుని తల దించుకున్నాను.

సాయంత్రం నారాయణగూడ బస్టాపు దాకా తనతో నడిచాను. తప్పు నాదేనని చెప్పబోతే వినలేదు. "లేదు మేడం, దానికి నేనే మంచి తెలుగు నేర్పలే" అంది.

రోజూ "పోయొస్త మేడం" అనే పిల్ల. బస్సెక్కే ముందు ఆగి, కూడబలుక్కుంటూ, "వెళ్ళొస్తాను మేడం" అంది.