ఆ శుక్రవారం సంగతి

మల్లేశ్,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నిన్ననే మీ అన్న ఊరి నుంచి ఈ అరబ్బు దేశానికి వచ్చి, మా కంపెనీ ఆఫీసులో నా ఎదురుగా కూర్చున్నాడు. నిన్ను పొడిచి చంపిన నీ రూమ్మేటును క్షమిస్తున్నామని ఇంటివాళ్ళు సంతకం పెడితే వాడి శిక్ష తగ్గుతుంది. కాగితం అరబ్బీలో ఉంది. దాన్ని తెలుగులో చదివి వినిపించడం నా డ్యూటీ.

చదివాను. అందులో వాడు చెప్పుకున్నది ఇది: నిన్ను పొడవడానికి ముందటి శుక్రవారం మధ్యాహ్నం రూములో నువ్వు వాడి ఒంటి మీద చెడుగా చెయ్యి వేశావట. మళ్ళీ దగ్గరికి వస్తే భయంతో కత్తి తీశాడట.

పచ్చి అబద్ధం. ఆ మధ్యాహ్నమంతా నువ్వు నాతో సముద్రపు ఒడ్డున అల్ రువైస్‌లో ఉన్నావు. పడవల దగ్గర చేపలు కొన్నాం. ఇద్దరం కలిసి వండుకునే చోటు ఎక్కడా లేదని గుర్తొచ్చి, అక్కడే ఎవరికో ఇచ్చేశాం. ఈ ఒక్క మాట చెబితే వాడి కథ కూలిపోతుంది. కానీ మీరిద్దరూ అక్కడేం చేస్తున్నారని నన్ను అడుగుతారు.

"మావోడు అసొంటోడని కోర్టుల ఇంకోపారి చదువద్దు సారూ. ఊర్ల తెలిస్తే అమ్మ బతుకది. సంతకం యాడ పెట్టాలె?" అన్నాడు మీ అన్న.

వేలితో చూపించాను. పెట్టాడు.

"మావోడు మీకు ఎరికేనా సారూ?"

"సైట్‌లో చూసేవాణ్ణండీ," అన్నాను.

చదివి వినిపించినవారి పేరు రాసే చోట నా పేరు రాశాను. పైన నీ పేరుంది. మన ఇద్దరి పేర్లూ ఒకే కాగితం మీద పడడం అదే మొదటిసారి.