బరంపేట క్రాసింగు

రామిరెడ్డిపేట, నరసరావుపేట
14 నవంబరు 2025, శుక్రవారం

చిరంజీవి జయలక్ష్మికి అక్క సుభాషిణి ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ నేను క్షేమం. నా చూపు, నా నోరు, నా రెండు బండ్లు కూడా క్షేమం. మోకాలి ఆపరేషను తరువాత నువ్వు మెట్లు దిగుతున్నావని ఒకరు, దిగడం లేదని మరొకరు చెబుతున్నారు. ఆ రెండు మాటలూ పక్కన పెట్టి, నువ్వు కులాసాగానే ఉన్నావని తలచి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

ముందుగా ఒక అబద్ధాన్ని సరిదిద్దాలి. చెల్లెలితో ఆరేళ్లుగా మాటలు లేవు గనుక, ఆ కక్ష తీర్చుకోవడానికే నేను నా బ్యాటరీ ఆటోలను తెచ్చి మీ గేటు ముందు ఆపిస్తున్నానని ఊళ్లో ఒక మాట తిరుగుతున్నది. పక్కింటి సుశీల నిన్న మజ్జిగ గిన్నె తిరిగి ఇవ్వడానికని వచ్చి, గిన్నె కంటే ముందు ఈ మాట ఇచ్చింది. మల్లమ్మ సెంటరులో టైలరు కొట్టు దగ్గర విన్నదట. ఏంది పిన్నీ, చెల్లెలంటే కోపముంటే నాలుగు తిట్టి ఊరుకోవాలి గానీ పొద్దస్తమానం ఆమె గేటు కాడ హారన్లు కొట్టిస్తారా అని నన్నే నిలదీసింది. నా బండ్లు హారను కొట్టవనీ, గంట మోగిస్తాయనీ ఆమెకు చెప్పాను. కక్ష సంగతి నీకు చెబుతున్నాను. బతుకంతా ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పినదాన్ని. దాయాదుల పగ చివరికి ఏ రణరంగానికి చేర్చిందో పల్నాట పుట్టినవాళ్లకు ఒకరు చెప్పాలా. నాకు నీ మీద కక్ష లేదు. ఎవరడిగినా ఈ ఉత్తరం చూపించు.

ఇక ఈ లైను సంగతి. దీన్ని ఎందుకు పెట్టానో నీకు నేను చెప్పే అవకాశం రాలేదు. మూడేళ్ల క్రితం పెద్దాసుపత్రిలో కళ్లు చూపించుకుని, స్టేషను వైపు రావడానికి షేరు ఆటో ఎక్కాను. నాకంటే ముందే ఒక బాలింత బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది. వెల్దుర్తి అమ్మాయి. మాచర్ల రైలు అందుకోవాలి. అన్నా, పోనీయన్నా అని ఆమె బతిమాలుతుంటే, ఏమే, నీ ఒక్కదాని కోసం ఖాళీ బండి తోలమంటావా అన్నాడు డ్రైవరు. సీట్లు నిండాయి, బండి కదిలింది, స్టేషను వచ్చింది. రైలు మాత్రం వెళ్లిపోయింది. ఆ పిల్ల ప్లాట్‌ఫారం మీద కొంగు పరుచుకుని బిడ్డను పడుకోబెడుతుంటే నాకు నాన్న మాట గుర్తుకొచ్చింది. నిండేదాకా ఆగేది గోతాము, వేళకు కదిలేది బండి అనేవాడు.

మద్రాసు విడిచిపెట్టేనాటికి నాకు పదేళ్లు, నీకు ఏడు. అందుచేత నీకు గుర్తున్నవని నువ్వనుకునేవాటిలో సగం నేను చెప్పినవే. వాటిని మరొక్కసారి వరుసగా చెప్పనీ.

మన నాన్న సుబ్బరామయ్య వెల్దుర్తి మెట్టచేలలో కరువుకు తాళలేక మద్రాసు వెళ్లి, ట్రాము కంపెనీలో చేరి, రాయపురం లైనులో బండి తోలాడు. ఈ దేశంలో కరెంటు ట్రాము మొదట నడిచింది ఆ ఊళ్లోనే. తొలిరోజుల్లో కరెంటును రోడ్డు కింద గాడిలో పెట్టారట. వానాకాలం నీళ్లు చేరి పాడవుతుంటే తీగలను నెత్తిమీదికి ఎక్కించారు. నాన్న దాన్ని వానదేవుడి మీద మనిషి గెలిచిన కథలా చెప్పేవాడు. ఆయన కుడికాలి కింద ఇత్తడి గంట ఉండేది. ఎద్దుబండ్లూ జట్కాలూ అడ్డం వస్తే కాలితో తాటించేవాడు. లైను చివర బండి తిరిగేది కాదు. నడిపే పిడిని ఊడదీసి చేత పట్టుకుని, బండి పొడవునా నడిచి, అవతలి కొసన బిగించేవాడు. అప్పటిదాకా వెనక అనుకున్నది ముందు అయ్యేది. ఈలోపల సీట్ల వీపుపలకలను ఇటునుంచి అటు తిప్పే పని నీది. కండక్టరు కాదన్నా ఊరుకునేదానివి కాదు. చివరి పలక ధడాలున తిప్పి, ఇప్పుడు పోనీయి నాన్నా అని అధికారం చేసేదానివి.

ఆ లైనులో ఒక ఇరుకు వీధి ఉన్నది. అక్కడ పోవడానికీ రావడానికీ ఒకటే పట్టా. వీధి మొదట్లో మాత్రం పట్టా రెండు పాయలుగా చీలి, కొంతదూరం పోయి మళ్లీ కలిసేది. అదే క్రాసింగు. ముందుగా వచ్చిన బండి ఒక పాయలో ఆగి, ఎదురు బండి వచ్చేదాకా కదలకూడదు. ఎదురు బండి ముబారక్ మామది. ఆయన పక్కనుంచి పోతూ మన చేతుల్లో బఠాణీల పొట్లం పెట్టేవాడు. నీకు ఆ కాస్త ఆగడం కూడా సయించేది కాదు. పోదాం పద నాన్నా అని కాళ్లు కొట్టుకునేదానివి. ఆయన రాకుండా మనం కదిలితే నడివీధిలో ముక్కూ ముక్కూ ఆనించుకుని నిలబడాలి తల్లీ, ఎవరు వెనక్కి పోవాలో తేలేసరికి పొద్దుగూకుతుంది అని నాన్న నచ్చజెప్పేవాడు.

యాభైమూడులో ట్రాములు ఆగిపోయాయి. నాన్న మనలను తీసుకుని ఈ ఊరు వచ్చి స్టేషను దగ్గర సైకిలు షాపు పెట్టుకున్నాడు. ఒంటెద్దు బండి ఎక్కినా, సినిమాహాలు బెంచీ మీద కూర్చున్నా, ఎవరైనా అడ్డం వస్తే ఆయన కుడికాలు దానంతట అది నేలను తాటించేది. అమ్మ నవ్వేది. నేను నవ్వలేదు. ఆ కాలికి గంట లేకపోయిందే అని ఉండేది నాకు.

అందుకని నా బండ్లు రెండింటికీ వెల్డింగు జ్ఞానయ్యతో డ్రైవరు కాలి కింద ఇత్తడి గంటలు పెట్టించాను. ఒక బండి కాలేబు నడుపుతాడు, రెండోది ఖైరున్నీసా. స్టేషను, మా రామిరెడ్డిపేట మలుపు, మల్లమ్మ సెంటరు, మీ బరంపేట, పెద్దాసుపత్రి. ఇదే లైను. ఎక్కేవాళ్లు ఉన్నా లేకున్నా వేళకు కదలాలి. మజిలీలో తప్ప ఆగకూడదు. ఎంతటివాళ్లు అడిగినా పక్క సందులోకి తిరగకూడదు. మొదటి నెల ఊరు నవ్వింది. రెండో నెల బండి రాలేదేందని అడగడం మొదలుపెట్టింది. ఇప్పుడు అందరూ దీన్ని టీచరమ్మ ట్రాము అంటున్నారు. నేను పెట్టిన పేరు కాదు గనుక నాకు మరీ ఇష్టం.

మిరపకాయల వ్యాపారి గోపాలరావు గారు ఒకరోజు కాలేబును తన సందులోకి తిప్పమన్నారు. కుదరదన్నాడు వీడు. ఏందిరా, నాలుగు బారలు పక్కకు పోతే బండి అరిగిపోద్దా అన్నారాయన. అరగదు పెదనాన్నా, అటు పట్టాలు లేవు అన్నాడట కాలేబు. ఆయన నిజంగానే తల వంచి రోడ్డు మీద పట్టాల కోసం చూశారు. సెంటరు సెంటరంతా నవ్వింది. ఆయనా నవ్వి నడిచి వెళ్లారు. ఆనాటి నుంచి లేని పట్టాలు ఊరందరికీ కనబడుతున్నాయి. ఒక నియమాన్ని నిలబెట్టడానికి ఇనుము అక్కరలేదని నాకు అప్పుడు తెలిసింది.

ఇక మీ గేటు. క్రాసింగు లేకుండా లైను ఉండదు. స్టేషను నుంచి వచ్చే బండీ, ఆసుపత్రి నుంచి వచ్చే బండీ నడిమధ్యన ఒకచోట కలవాలి. ముందు వచ్చినది రెండోదాని కోసం ఆగాలి. ఆ చోటు బరంపేటలో మీ గేటు ఎదుట పడింది. ఇందులో పగా లేదు, ప్రేమా లేదు. ఉన్నది కొలత.

మొన్న ఆదివారం నీ కొడుకు గోపీచంద్ వచ్చాడు. కాఫీ వద్దంటూనే తాగాడు. పెద్దమ్మా, నీకూ అమ్మకూ ఏముందో మీరూ మీరూ చూసుకోండి, మధ్యలో నా కారు ఏం చేసింది, పొద్దున గేటు తీస్తే నీ బండి, సాయంత్రం గేటు తీస్తే నీ బండి అన్నాడు. రెండు సందుల అవతల పాలకేంద్రం ముందు చానా జాగా ఉంది, అక్కడికి మార్చుకో అన్నాడు. అది నడిమధ్య కాదన్నాను. నా కళ్లజోడు పెట్టెనూ కలాన్నీ బల్ల మీద ఎదురెదురుగా నడిపించి క్రాసింగు అంటే ఏమిటో చూపించాను. కాసేపు చూసి, ఎనభై రెండేళ్లు వచ్చినాయి, ఇంట్లో ప్రశాంతంగా కూర్చోక నీకీ తాపత్రయం ఏంది అన్నాడు. కూర్చున్నవాళ్లు నీ ఇంట్లో ఒకరున్నారు కదా, చాలదా అన్నాను. పోతూ పోతూ, వచ్చే సోమవారంలోగా మార్చకపోతే ట్రాఫిక్ వాళ్లకు కాగితం పెడతానన్నాడు. అక్షరం ముక్క చక్కగా వ్రాయమని చెప్పాను. వాడి చేతివ్రాత నాకు తెలుసు.

ఆరేళ్ల క్రితం మీ ఆయన పోయినప్పుడు నిన్ను నా ఇంటికి వచ్చెయ్యమన్నాను. చిన్నప్పుడు అనుకున్నట్టే ఇద్దరం ఒక కప్పు కింద ఉందామన్నాను. నువ్వు కొడుకు దగ్గరకు వెళ్లావు. నేనొకటి అన్నాను, నువ్వొకటి అన్నావు. నా మాట నాదే, దాన్ని వెనక్కి తీసుకోను. నువ్వన్నది కూడా నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నది. అక్కా, నువ్వు పట్టాల మీద బండివి, నీ దారిలోకి మనుషులు రావలసిందే గానీ నువ్వు ఒకరి గుమ్మంలోకి రావు అన్నావు. ట్రాము తోలినవాడి కూతురికి అది తిట్టు ఎట్లా అవుతుంది. నేను దాన్ని బిరుదుగానే ఉంచుకున్నాను. రాకపోకలు మాత్రం ఆగిపోయాయి.

నా నిర్ణయం ఇది. నీ కొడుకుకు నువ్వే చెప్పు. కారుకు అడ్డం లేకుండా బండ్లు గేటుకు కాస్త ఇవతల, మీ బాల్కనీ కింద ఆగుతాయి. మజిలీ మాత్రం మారదు. దీన్ని గురించి నేను కాలేబునూ అడగలేదు, ఖైరున్నీసానూ అడగలేదు, నిన్నూ అడగడం లేదు.

మోకాలికి డాక్టరు చెప్పిన వ్యాయామం మానవద్దు. మెట్లు దిగేటప్పుడు బాగున్న కాలు ముందు పెట్టవద్దు, నొప్పి కాలే ముందు పెట్టాలి. ఎక్కేటప్పుడు దానికి తలకిందులు.

ఇట్లు,
పట్టాలు తప్పని నీ అక్క
సుభాషిణి

తా.క. పైన వ్రాసినదంతా ఊరివాళ్లకు చూపించవచ్చును. ఇది చింపి నీ దగ్గర ఉంచుకో.

రోడ్డు మీద నడిచే ఆటోకు క్రాసింగుతో పని లేదు. మీ వీధిలో లారీలు రెండు సుఖంగా తప్పుకుంటున్నాయి. మరి ఈ బండ్లు ఎందుకు ఆగాలనే ప్రశ్న గోపీచంద్ వెయ్యలేదు, గోపాలరావు గారు వెయ్యలేదు, టీచరమ్మ చెప్పింది గనుక నిజమే అనుకున్నారు. కాలేబు ఒక్కడు మొదటి వారంలో, మనమెందుకు ఆగాలి టీచరమ్మా అన్నాడు. నియమం అన్నాను. ఖైరున్నీసా అడగనే లేదు. ఆమెకు మాచర్లలో ఒక అక్క ఉన్నది. పైన పెద్దామె గంట వినబడితే కుర్చీ ముందుకు జరుపుకుంటదండీ అని మాత్రం ఒకనాడు తనంతట తాను చెప్పింది.

ఇంకొకటి. లైను నడిమధ్య మీ గేటు కాదు. గోపీచంద్ చూపించిన పాలకేంద్రమే నడిమధ్య. వాడి కొలత సరైనది, నాది తప్పు, తెలిసి పెట్టిన తప్పు. మీ గేటు దానికంటే స్టేషనుకు దగ్గర. అందువల్లనే స్టేషను వైపు బండి, అంటే నా ఇంటి వైపునుంచి వచ్చే బండి, ఎప్పుడూ ముందుగా వచ్చి మీ గేటు దగ్గర ఆగి ఉంటుంది.

పట్టాలు విడిచి ఒకరి గుమ్మంలోకి రావడం నాకు చేతకాదని నువ్వన్నది నిజం. ఎనభై రెండేళ్లకు నేర్చుకోలేను. పట్టాలనే తెచ్చి నీ గుమ్మం ముందు వేశాను.

సోమవారం పదకొండు గంటల బండిలో, బాల్కనీ వైపు సీటులో నేను కూర్చుని వస్తాను. నువ్వు దిగకపోతే ఎదురు బండి వచ్చాక వెళ్లిపోయి, మంగళవారం మళ్లీ వస్తాను. ఎక్కనివాళ్ల మీద ట్రాము అలగదని నాన్న అనేవాడు. చిన్నప్పటిలాగా కాళ్లు కొట్టుకుని తొందరపడవద్దు, మెట్ల మీద నెమ్మదిగా రా. క్రాసింగులో ముందు వచ్చిన బండి ఆగి ఉండాలి. నేను ముందు వచ్చాను.