విండో సన్నగా లాగితే ఫోనైపోదు

గంగాధరం బండిని వరసలోంచి తప్పించింది నువ్వే, సుకుమార్ అన్నా. నెల్లూరులో ఏసీ గదిలో కూర్చుని తప్పించావు.

మా లారీ ఆఫీసు టోకెన్ పేజీ ఐదేళ్లుగా నేను రాసిందే. కృష్ణపట్నం పోర్టు గేటు దగ్గర డ్రైవర్లు ఫోన్లో తేదీ, బండి నంబరు కొడితే వరసలో చోటు వచ్చేది. పాస్‌వర్డ్ నీ దగ్గర కూడా ఉంది కదా అని మొన్న రాత్రి దాన్ని తీసేసి నీ కొత్త పేజీ పెట్టావు. నాకొక మాటైనా చెప్పలేదు. దాన్ని ఓర్చుకుంటాను. కానీ మనుబోలు గంగాధరం నిన్న పొద్దున ఏడింటికే వచ్చి నిలబడితే, ఆయన పాత ఫోన్లో తేదీ గడి తెరుచుకోలేదు. ‘ఈ బ్రౌజర్ పనికిరాదు’ అని వచ్చింది. “ఏంది తహీరూ, బండికి లైసెన్సు ఉండాది, ఫోనుకి గూడా తేవాల్నా?” అన్నాడు. అందరూ నవ్వారు. నలభై బండ్లు ఆయన్ని దాటి లోపలికి పోయాయి. ఆయన లోడు ఓడకి అందలేదు.

నువ్వు ఎక్కడ పొరబడ్డావో నాకు తెలుసు. కంప్యూటర్లో విండో సన్నగా లాగి, అందులో పేజీ బాగా కనబడేసరికి ఇదే ఫోను అనుకున్నావు. ఆ పని చేసినందుకే ఒకప్పుడు నన్ను తిట్టావు.

యూట్యూబ్ చూసి కోడ్ నేర్చుకున్నవాడిని నేను. ఆ కోడ్ ఎవరికోసమో చెప్పింది నువ్వొక్కడివే. టీకొట్టు దగ్గర డ్రైవర్ల ఫోన్లు ఒక్కొక్కటే అడిగి తీసుకుని, పగిలిన తెర మీద కూడా పేజీ తెరుచుకున్నాకే టీ తాగేవాడివి. స్మార్ట్‌ఫోన్లు వచ్చిన కొత్తల్లో సైట్లు రాసేవాళ్లు ఎక్కువమంది చేతిలో ఉన్న బ్రౌజర్‌కే రాశారని, మిగతా బ్రౌజర్లు గత్యంతరం లేక దాని సొంత పద్ధతులు ఒప్పుకున్నాయని, అందరికీ ఉమ్మడిగా ఉండాల్సిన నియమాలు ఆ పద్ధతుల వెనక నడిచాయని అక్కడే చెప్పావు. “బ్రౌజర్లో ఏముండాలో పెద్ద కంపెనీలే తేలుస్తాయనుకోబాక అబ్బయా. మనం ఒక్కదానికే రాస్తే మిగతావాటి దారి మనమే మూసినట్టు. ముందు అన్ని ఫోన్లకీ పనిచేసేది రాయి, కొత్త సోకులు ఆ పైన పెట్టుకో” అన్నావు. ఈ పనిలో నీ అంత చూపున్న మనిషిని నేను చూడలేదు. ఇప్పటికీ అదే అంటాను. అందుకే ఇంత మండుతోంది.

నిన్న సాయంత్రం మా ఓనరు కామాక్షయ్య గారు, తప్పెవరిదని అడిగారు. నాదే అన్నాను. నీ పేరు చెప్పడానికి నోరు రాలేదు. శుక్రవారం నుంచి పనిలోకి రావద్దన్నారు.

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఈ కాగితం బస్సు కండక్టరుకి ఇచ్చి పంపుతున్నాను. గురువారం గేటుకి రా. గంగాధరం ఫోన్ తీసుకుని నీ పేజీ నీ చేత్తో తెరువు. తెరుచుకోకపోతే, తెరుచుకునేదాకా అక్కడే కూర్చుని రాయి. వస్తావో రావో బుధవారం సాయంత్రం ఐదింటిలోగా జవాబు కావాలి. రానంటే, నాకు నేర్పిందంతా తప్పని రాసి కింద సంతకం పెట్టి పంపు.

తహీర్